పర్కాలలో బాపుకు పోలీస్ సిరీస్ చూపించాలంటే: ఏ యాప్, ఏ ప్లాన్, ఏ భాష

చెల్లె, కొత్తగా చదివేవాళ్ల కోసం నీ ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో చెప్తాను. మీ బాపు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై అమ్మతో పర్కాలలో ఉంటున్నారు. నీ ఉద్యోగం హైదరాబాద్‌లో. డిపార్ట్‌మెంట్ స్నేహితుడెవరో నెట్‌ఫ్లిక్స్‌లోని పోలీస్ సిరీస్ ‘ఢిల్లీ క్రైమ్’ చూడమని చెప్పినప్పటి నుంచి ఆయన మనసు దాని మీదే ఉంది. పండక్కి వెళ్లినప్పుడు నీ నెట్‌ఫ్లిక్స్ అక్కడి టీవీలో పెట్టి వచ్చావు. కొన్నాళ్లు నడిచింది, తర్వాత ఈ టీవీ ఈ అకౌంట్ ఇంటిది కాదని మెసేజ్ వచ్చి ఆగిపోయింది. మీ బావ టెలిగ్రామ్‌లో లింకు పంపితే బాపు, ‘ముప్పై ఏండ్లు దొంగలను పట్టి ఇప్పుడు దొంగ సరుకు చూడాల్నా’ అని ఫోన్ పక్కన పెట్టేశారు. సరైన దారిలో చూడాలంటే ఎంత అవుతుంది, తెలుగులో వస్తుందా, అక్కడి నెట్ ఆగుతుందా అనేవి నీ మూడు ప్రశ్నలు.

సూటి జవాబు: బాపు పేరు మీద నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ప్లాన్ ఒక నెలకు, 199 రూపాయలు. ఆ నెలలో సిరీస్ అయిపోతుంది, అవ్వగానే ఆపెయ్యి. కానీ నన్నడిగితే మొదట చూపించాల్సింది ఢిల్లీ క్రైమ్ కాదు. అది ఎందుకో కింద చెప్తాను, ఓపిగ్గా చదువు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈయనెవరు సలహా ఇవ్వడానికి అనుకుంటారు. హన్మకొండలో మొదట వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాను, తర్వాత కేబుల్ కనెక్షన్లు నడిపాను, ఇప్పుడు ఇళ్లకు వెళ్లి టీవీలు, ఫైబర్ పెట్టిస్తుంటాను. రోజుకు కనీసం ఇద్దరు ‘డబ్బు కట్టినం, టీవీల వస్తలేదు’ అని ఫోన్ చేస్తారు. పదిలో ఎనిమిది సార్లు తప్పు టీవీది కాదు, నెట్‌ది కాదు. కొన్న ప్లాన్‌ది.

మీ ఇంట్లో జరిగిందీ అదే. నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి మన దేశంలో ఒక అకౌంట్‌ను ఒకే ఇంటికి పరిమితం చేసింది. ఇల్లు అంటే వాళ్ల లెక్కలో చుట్టరికం కాదు, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీద ఉన్న టీవీ, ఆ ఇంట్లో వాడే ఫోన్లు. నువ్వు మియాపూర్‌లో ఉంటే నీ ఇల్లు మియాపూర్. పర్కాల టీవీ దాని దృష్టిలో వేరే ఇల్లు. ‘తాత్కాలికంగా చూడండి’ అనే దారి ఒకటి ఇస్తుంది, నీ ఫోన్‌కు కోడ్ వస్తుంది, అది బాపుకు చదివి చెప్పాలి. నువ్వు మీటింగ్‌లో ఉన్నప్పుడు కోడ్ వస్తే బాపు అక్కడ రిమోట్ పట్టుకొని కూర్చోవాలి. రెండుసార్లు అయ్యాక ఆయనే ‘వద్దుతియ్’ అంటారు. ఆయనకు విడిగా ఒక ప్లాన్ తీసుకోవడమే మర్యాద.

ఇక్కడే ఎక్కువమంది పడే గుంత ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయల మొబైల్ ప్లాన్ చూసి, యాభై మిగిలింది కదా అని అది తీసుకుంటారు. అది ఫోన్‌లో, ట్యాబ్‌లో మాత్రమే నడుస్తుంది. టీవీలో రాదు, ఫోన్ నుంచి టీవీకి పంపడమూ కుదరదు. 199 బేసిక్ అయితే ఒక తెర, కానీ అది టీవీ కావచ్చు. బొమ్మ స్పష్టత 720పి (మొదటి మెట్టు హెచ్‌డీ) దాకా వస్తుంది. 32 అంగుళాల టీవీలో ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే మీ బాపుకు తేడా కనిపించదు. 43 దాటితే, కళ్లు బాగుంటే, 499 స్టాండర్డ్ గురించి ఆలోచించొచ్చు. 649 ప్రీమియం నలుగురు నాలుగు గదుల్లో చూసే ఇళ్లకు. రిటైరైన ఇద్దరు మనుషులకు అది పెళ్లిళ్లకు వాడే గుండిగలో ఇద్దరికి చాయ్ కాచినట్టు.

రీచార్జ్‌తో ఉచితంగా వచ్చే ఓటీటీల్లోనూ ఇదే మతలబు. రీచార్జ్ వివరాల్లో చిన్న అక్షరాలతో ‘మొబైల్’ అనే మాట ఉంటే అది చేతిలో చూసుకోవడానికే. ‘బాపూ, మీ రీచార్జ్‌లో ఉంది’ అని చెప్పి వదిలేయకు. టీవీలో ఒకసారి లాగిన్ చేసి, ఒక ఎపిసోడ్ ఐదు నిమిషాలు ఆడించి చూశాకే ఉందని చెప్పు.

నీ దగ్గర అమెజాన్ ప్రైమ్ ఉందని రాశావు, అది నీకు కలిసొచ్చే సంగతి. ప్రైమ్ వీడియోలో ఒకే అకౌంట్ ఐదు పరికరాల్లో పెట్టుకోవచ్చు, అందులో టీవీలు రెండు మించకూడదు. 2025 జనవరి నుంచి ఆ లెక్క. నీ మియాపూర్ టీవీ ఒకటి, పర్కాల టీవీ ఒకటి, సరిపోయింది. ఏడాదికి 1,499 ఎలాగూ కడుతున్నావు కాబట్టి బాపు కోసం కొత్తగా పైసా లేదు. 2025 జూన్ నుంచి మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దనుకుంటే విడిగా కట్టాలి. మీ బాపు లాంటివాళ్లకు ప్రకటనలు పెద్ద కష్టం కాదు, నలభై ఏళ్లుగా టీవీ చూస్తున్నారు, ఆ టైంలో నీళ్లు తాగొస్తారు. జియోహాట్‌స్టార్ సంగతి వేరు. పాత డిస్నీ ప్లస్ హాట్‌స్టార్, జియోసినిమా రెండూ కలిసి 2025 ఫిబ్రవరి 14న అయిన యాప్ అది. అందులోనూ మొబైల్ ప్లాన్ ఫోన్‌కే, టీవీకి పైది తీసుకోవాలి.

ఏ సిరీస్ ఏ యాప్‌లో ఉందో యాప్‌లన్నీ తెరిచి వెతకకు. జస్ట్‌వాచ్ అనే సైటు ఉంది, ఇండియా అని పెట్టుకొని పేరు కొడితే లైసెన్స్ ఉన్న చోట్లు మాత్రమే చూపిస్తుంది. అన్నట్టు, గూగుల్‌లో ‘తెలుగు డబ్బింగ్ ఫ్రీ’ అని కలిపి వెతికితే మొదటి పేజీ నిండా గోతులే.

భాష. ఇది డబ్బు కట్టకముందే చూసుకోవాల్సిన విషయం, కట్టాక కాదు. సిరీస్ పేజీలో ‘ఆడియో’, ‘సబ్‌టైటిల్స్’ అని విడివిడిగా రాసి ఉంటుంది. తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే తెలుగు ఉన్నట్టు కాదు. రిటైరైన మనిషి గంటసేపు కింద అక్షరాలు చదవడు, రెండో ఎపిసోడ్‌కు కునుకు తీస్తాడు. ఇంకోటి, మొదటి సీజన్‌లో ఉన్న భాషే రెండో సీజన్‌లోనూ ఉండాలని లేదు, సీజన్ సీజన్‌కూ చూడు. కొన్ని యాప్‌లు మీ ప్రొఫైల్ భాషను బట్టి కొన్ని భాషలే చూపిస్తాయి, అందుకని బాపుకు విడిగా ప్రొఫైల్ చేసి భాష తెలుగు పెట్టు. అప్పుడు దాగి ఉన్న తెలుగు ఆడియో బయటికొస్తుంది. చాలామంది తెలుగు లేదనుకొని హిందీలో చూసేది ఈ ఒక్క సెట్టింగ్ వల్లే.

అయితే మన వరంగల్ వైపు వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మీ బాపు తరం పోలీసులకు హిందీ, ఉర్దూ మాటలు బాగానే వస్తాయి. మండిబజార్‌లో, మట్టెవాడలో డ్యూటీ చేసినవాళ్లకు చెప్పేదేముంది. స్టేషన్‌లో వాడే మాటలు సగం ఉర్దూవే: పంచనామా, బందోబస్తు, ముద్దాయి, వకాలత్. డబ్బింగ్‌లో హెడ్ కానిస్టేబుల్ చేత పుస్తకాల తెలుగు మాట్లాడిస్తే ఆయనకు నవ్వొస్తుంది. ఒక్క ఎపిసోడ్ రెండు భాషల్లో పది పది నిమిషాలు పెట్టి, ఏది కావాలో ఆయన్నే అడుగు. నా కస్టమర్లలో సుబేదారి వైపు ఉండే ఒక రిటైర్డ్ ఏఎస్సై హిందీలోనే చూస్తారు. ‘ఢిల్లీ పోలీసు తెలుగుల తిడితే తిట్టినట్టే లేదు’ అంటారాయన.

ఇప్పుడు ఏది చూపించాలో చెప్తాను. నాకు ఇష్టమైన భాగం ఇదే, కొంచెం ఎక్కువ రాస్తాను.

ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్ ఏడు ఎపిసోడ్లు, 2019 మార్చిలో వచ్చింది. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం మీద తీసింది. 2020లో అంతర్జాతీయ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సిరీస్ బహుమతి వచ్చింది, ఆ విభాగంలో మన దేశానికి అదే మొదటిది. అఘాయిత్యాన్ని తెర మీద చూపించరు, కానీ డాక్టర్ల మాటల్లో, బాధితురాలి మాటల్లో వినాల్సి వస్తుంది. చూడటం కన్నా వినడమే బరువుగా ఉంటుంది. మీ బాపుకు అది కొత్త కాకపోవచ్చు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మార్చురీ బయట రాత్రంతా కాపలా కాసిన మనిషి. కానీ మీ అమ్మ పక్కనే కూర్చుంటుంది కదా. అందుకే మొదటిదిగా వద్దంటున్నాను. చూడొద్దని కాదు, వాళ్లిద్దరికీ ముందే చెప్పి చూపించు.

అందులో పోలీసులకు నచ్చేది ఇంకొకటి ఉంది. ముద్దాయిలను వెతుకుతున్న అధికారులు రోజుల తరబడి ఇంటికి పోరు. డీసీపీ కూతురు దేశం వదిలి పోతానంటుంది, కింది అధికారి ఒకాయన కేసు మధ్యలోనే కూతురికి సంబంధం చూస్తుంటాడు. ఒకింట్లో ఇది పెడితే, రిటైర్డ్ పోలీసాయన భార్య తెర వైపు కాదు, భర్త వైపు చూసింది. ఆ ఇంట్లో ఎన్ని పండగలు ఆయన లేకుండా గడిచాయో నాకు తెలుసు, నేనేం మాట్లాడలేదు, రిమోట్‌లో సెల్స్ మార్చి వచ్చేశాను.

నేనైతే మొదట ‘కేరళ క్రైమ్ ఫైల్స్’ పెడతాను. జియోహాట్‌స్టార్‌లో ఉంది, 2023 జూన్‌లో వచ్చింది, మలయాళం మూలం, తెలుగు ఆడియో ఉంది. మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట అటూ ఇటూ. ఎర్నాకుళంలో ఒక లాడ్జిలో హత్య. పోలీసుల చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆధారం, లాడ్జి రిజిస్టర్‌లో రాసిన అడ్రసు. అదీ తప్పుడు అడ్రసు. అక్కడి నుంచి మనిషిని మనిషి అడుగుతూ, రిజిస్టర్ తర్వాత రిజిస్టర్ తిప్పుతూ పోతారు. తుపాకీ మోతలు, కార్లు గాల్లో ఎగరడం ఉండవు. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జీలు తనిఖీ చేసిన ఏ కాజీపేట కానిస్టేబులైనా ‘ఇది మా పని’ అంటాడు. మీ బాపు కూడా అంటారని నా నమ్మకం.

డబ్బింగే వద్దు, అసలు తెలుగులోనే కావాలంటే ఈటీవీ విన్‌లో ‘కానిస్టేబుల్ కనకం’ ఉంది, 2025లో వచ్చింది, ఒక ఊరి లేడీ కానిస్టేబుల్ కథ. జీ5లో 2022 నాటి ‘రెక్కీ’ ఉంది, తాడిపత్రి నేపథ్యం. ప్రైమ్‌లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన ‘సుడల్’ ఉంది, చిన్న ఊరు, ఫ్యాక్టరీ, జాతర, ఒక అమ్మాయి కనబడకుండా పోవడం. నీ ప్రైమ్‌లోనే కాబట్టి అదనపు ఖర్చు లేదు. ‘పాతాళ్ లోక్’ కూడా ప్రైమ్‌లోదే, హిందీలో నాకు చాలా ఇష్టమైనది, కానీ బూతులు, నెత్తురు ఎక్కువ. మీ అమ్మ పడుకున్నాక చూసే సరుకు.

ఇక పైసా ఖర్చు లేకుండా, పూర్తి చట్టబద్ధంగా చూసేది ఒకటుంది. సీఐడీ! 1998 జనవరిలో సోనీలో మొదలై 2018 దాకా ఇరవై ఏళ్లు నడిచింది, మళ్లీ 2024 డిసెంబర్‌లో కొత్తగా మొదలైంది. పాత ఎపిసోడ్లు సోనీ వాళ్ల సొంత యూట్యూబ్ ఛానల్‌లో వాళ్లే పెట్టారు. ఛానల్ పేరు పక్కన టిక్ గుర్తు చూసుకో, చాలు. ఏసీపీ ప్రద్యుమన్ వేళ్లు తిప్పడం, దయా తలుపు బద్దలుకొట్టడం చూసి పోలీసులు నవ్వుకుంటారు, అయినా వదలకుండా చూస్తారు. 2004లో వాళ్లు 111 నిమిషాల ఎపిసోడ్‌ను ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో తీశారు, గిన్నిస్‌లోకి ఎక్కింది. హిందీ ఆయనకు ఫర్వాలేదంటే డబ్బు కట్టే ముందు ఒక వారం ఇది పెట్టు. టీవీలో యాప్ తెరవడం, వెనక్కి రావడం, ఆపిన చోట మళ్లీ మొదలుపెట్టడం, ఇవన్నీ ఉచితంగా అలవాటవుతాయి.

పోలీసు మనిషితో పోలీసు సిరీస్ చూడటంలో ఒక సరదా ఉంది, నువ్వు కూడా పక్కన కూర్చుంటే తెలుస్తుంది. తెర మీద ముద్దాయి నేరం ఒప్పుకోగానే మనం కేసు అయిపోయిందనుకుంటాం. ఆయన ఊరుకోరు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు, ఒప్పుకున్నాక దాచిన వస్తువు దొరికితేనే దానికి విలువ అని చెప్తారు. అరెస్ట్ చేసి మూడు రోజులు గదిలో పెడితే ‘24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందర పెట్టాలె, వీని ఉద్యోగం పోతది’ అంటారు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, అంతకుముందు తీసిన సిరీస్‌లలో హత్య అంటే 302 సెక్షన్ అంటారు, ఇప్పుడది 103. పాత నంబర్లు ఆయన నోట్లో పాతుకుపోయి ఉంటాయి, కాబట్టి పాత సిరీస్‌లే ఆయనకు సొంతింటిలా అనిపిస్తాయి. స్టేషన్‌లో రోజువారీ రికార్డు, అంటే జనరల్ డైరీ రాసే రైటర్‌ను, గేటు దగ్గర కాపలా ఉండే సెంట్రీని సిరీస్‌లో చూపించారా లేదా అన్నది ఆయన చూసే పరీక్ష. చాలా సిరీస్‌లు అందులో ఫెయిల్.

లింకు సంగతికి వస్తాను. నేను పత్తిత్తునని చెప్పను. కేబుల్ రోజుల్లో రాత్రి పది దాటాక మేమే కొత్త సినిమా క్యాసెట్ వేసేవాళ్లం. ఎవరినీ అడిగేవాళ్లం కాదు. ఒక రాత్రి డిస్ట్రిబ్యూటర్ మనుషులు పోలీసులను వెంటబెట్టుకొని వచ్చి వీసీఆర్ ఎత్తుకెళ్లారు, దాన్ని విడిపించుకోవడానికి ఆర్నెల్లు తిరిగాను. రైటర్ టేబుల్ మీద నా వీసీఆర్‌కు చీటీ కట్టి పెట్టారు, దాని మీద టీ గ్లాసు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లముందు ఉంది. కాపీరైట్ చట్టం 1957లోని 63వ సెక్షన్ ప్రకారం తెలిసి ఉల్లంఘించినవాళ్లకు, సహకరించినవాళ్లకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఫ్యామిలీ గ్రూప్‌లో లింకు పంచడం కూడా మంచి పని కాదని మీ బావకు మెల్లగా చెప్పు. 2025 నవంబర్‌లో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడిపే మనిషిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పట్టుకున్నాక, కొన్నాళ్లు నాకు ‘అన్నా, ఇప్పుడు ఎక్కడ చూడాలె’ అని వచ్చిన ఫోన్లు అన్నీ ఇన్నీ కావు.

చట్టం కన్నా నాకు ఎక్కువ భయం ఏపీకే ఫైళ్లంటే. ‘అన్ని ఓటీటీలు ఉచితం’ అని వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. ప్లే స్టోర్‌లో లేకుండా బయట నుంచి ఎక్కించమంటుంది, ఎక్కిస్తూనే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. సినిమా చూపించే యాప్‌కు మన మెసేజ్‌లతో పనేంటి? ఓటీపీలు అందులోకే కదా వచ్చేది. మా గల్లీలో ఒకాయన క్రికెట్ చూద్దామని ఇలాంటిదే ఎక్కించుకున్నాడు, తెల్లారేసరికి ఖాతాలో ధాన్యం డబ్బులు సగం లేవు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంత ఆపగలిగారు, అదీ గంటలోపు చేశాడు కాబట్టి. మీ బాపు పెన్షన్ పడే ఖాతా ఏ ఫోన్‌లో ఉందో ఆ ఫోన్‌లో ఇలాంటివి ఎక్కించనే వద్దు. ఆండ్రాయిడ్ బాక్సులు కూడా చూసి కొను. ‘వెయ్యి ఛానళ్లు జీవితాంతం ఫ్రీ’ అని అమ్మే బాక్సులో నెట్‌ఫ్లిక్స్ సరిగ్గా రాదు, వచ్చినా బొమ్మ మసకగా ఉంటుంది, దానికి కంపెనీ ఆమోదం ఉండదు కాబట్టి. యాప్‌లు రాని మామూలు టీవీ ఉంటే, యాప్‌లు నడిపే పేరున్న కంపెనీ స్టిక్ ఒకటి వెనక గుచ్చితే చాలు.

నెట్ గురించి నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు. 720పికి 3 ఎంబీపీఎస్ వేగం చాలు, ఫుల్ హెచ్‌డీకి 5. పర్కాలలో ఏ చిన్న ఫైబర్ కనెక్షన్ అయినా అంతకు మించే ఇస్తుంది. అసలు సమస్య వైఫై. రూటర్ ముందు గదిలో, టీవీ లోపలి గదిలో ఉండి మధ్యలో మందపాటి గోడ ఉంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక వైరు లాగి టీవీకి కలిపేస్తే ఆ గొడవ పోతుంది. మన దగ్గర ఇంకో శత్రువు కోతులు, పై వైరు పట్టుకొని ఊగుతాయి. నెట్ పోయిందని యాప్ మీద కోప్పడే ముందు ఒకసారి బయటికెళ్లి స్తంభం వైపు చూడమను.

ఫైబర్ లేకుండా ఫోన్ హాట్‌స్పాట్ మీద చూడాలంటే లెక్క వేసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ మామూలు క్వాలిటీలో గంటకు 0.7 జీబీ తింటుంది, హెచ్‌డీలో 3 జీబీ దాకా. ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్ దాదాపు ఆరు గంటలు. మామూలు క్వాలిటీలో మొత్తం 4 జీబీ చిల్లర, హెచ్‌డీలో 18 దాకా. రోజుకు 2 జీబీ రీచార్జ్ అయితే మామూలు క్వాలిటీలో రోజుకు రెండు ఎపిసోడ్లు హాయిగా పడతాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘డేటా వాడకం’ మీడియం పెట్టు, లేకపోతే తనంతట తాను హెచ్‌డీకి పోయి మధ్యాహ్నానికే డేటా ఖతం. మేడారం జాతర రోజుల్లో మాత్రం మీ రోడ్డు మీద టవర్లు మూలుగుతాయి, ఆ నాలుగు రోజులు సీరియల్ చూడమను.

ఇంకో రెండు చిన్న సంగతులు, కానీ నా దృష్టిలో ప్లాన్ కన్నా ముఖ్యమైనవి. మాటలు సరిగ్గా వినపడటం లేదని, సంగీతం వస్తే చెవులు పగులుతున్నాయని అందరూ అంటారు. ఆడియో మెనూలో భాష పక్కన 5.1 అని ఉంటే అది ఆరు స్పీకర్ల ఇంటికి. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలో మాట కిందికి పోతుంది. అదే భాష 5.1 లేకుండా ఉంటే అది ఎంచుకో. రెండోది చీకటి. ఈ సిరీస్‌లన్నీ రాత్రి పూట, చీకటి గదుల్లో తీస్తారు. హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే తెర మీద నల్ల బొగ్గు తప్ప ఏమీ కనపడదు. టీవీలో ‘సినిమా’ మోడ్ పెట్టి, వెనక చిన్న బల్బు ఒకటి వేసి మిగతావి ఆర్పమను. దసరా సెలవులకు మనవలు వస్తారు కదా, ఆయన ప్రొఫైల్‌కు పిన్ పెట్టు. 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీలు 7, 13, 16 ఏళ్లు దాటినవాళ్లకు, పెద్దలకు అని విడివిడిగా గుర్తులు వేయాలి, 13 దాటినవాటికి తాళం సౌకర్యం ఇవ్వాలి. అది వాడేవాళ్లే తక్కువ.

డబ్బు కట్టేటప్పుడు యూపీఐ ఆటోపే అడుగుతుంది. నీ ఫోన్ నుంచే కట్టు, బాపు ఖాతా కలపకు. కట్టిన రోజే క్యాన్సిల్ నొక్కినా ఫర్వాలేదు, ఆ నెలంతా నడుస్తుంది, వచ్చే నెల పైసలు కట్ కావు. మళ్లీ కొత్త సీజన్ వచ్చినప్పుడు ఇంకో నెల తీసుకో. అన్ని యాప్‌లూ ఏడాది పొడుగునా ఉండాలని ఎక్కడా లేదు.

వచ్చే ఆదివారం పర్కాల వెళ్తున్నానని రాశావు కాబట్టి, ముందు టీవీ మోడల్ నంబర్ ఫోటో ఒకటి ఇక్కడ పెట్టు, స్టిక్ కావాలో వద్దో చెప్తాను. రిమోట్‌లో బాపుకు కావాల్సిన మూడు బటన్లకు, సరే, వెనక్కి, ఆపు, ఎర్ర టేపు ముక్కలు అంటించు. మిగతావి ముట్టుకోవద్దని చెప్పు. లాడ్జి రిజిస్టర్ సీన్ వచ్చినప్పుడు ఆయన ఏమన్నారో మాత్రం మర్చిపోకుండా రాయి.